అరుణ ఫొటో మీద సేవ్ నొక్కిన రోజు

నిన్న కుప్పంలో మా ఆఫీసులో ఒక ఫొటో సరిచేసి సేవ్ నొక్కితే, పాతదాని మీదే సేవ్ చేయాలా అని కంప్యూటర్ అడిగింది. నా వేలు ఆగిపోయింది.

పుంగనూరులో మా పెద్దమ్మకు ఫొటో స్టూడియో ఉండేది. మన ఈడు వాళ్లకు గుర్తుందా, అప్పట్లో కంప్యూటర్‌కు పూలగుడ్డ కప్పేవాళ్లం, చెప్పులు బయట విడిచి దాని దగ్గరికి వెళ్లేవాళ్లం? వేడెక్కిన మానిటర్ నుంచి కాలిన దుమ్ము వాసన వచ్చేది. నాకప్పుడు పదేళ్లు.

పెద్దపంజాణి నుంచి మునెమ్మ అనే ఆమె ఒక మెమరీ కార్డు తెచ్చింది. జ్వరంతో పోయిన కూతురు అరుణది అందులో ఒకే ఒక్క ఫొటో ఉంది. ఆ పిల్లదీ నా ఈడే. గోడకు పెట్టుకోవడానికి పెద్దది చేసిమ్మంది. పెద్దమ్మ అన్నానికి లేచినప్పుడు నేను కార్డులోని ఆ ఫొటో తెరిచి, ఆటగా అరుణ పెదాలను మౌస్‌తో అలికేసి, సేవ్ నొక్కేశాను. మళ్లీ తెరిస్తే ఆ పిల్లకు నోరు లేదు.

"ఎంత పని చేసినావే పాపా!" అంటూ పెద్దమ్మ తల పట్టుకుంది. చివరికి నా ఫొటో తెరిచి, నా నవ్వును కత్తిరించి అరుణ ముఖానికి అతికించింది.

సాయంత్రం మునెమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"నా బిడ్డ ఇంత బాగా ఎప్పుడు నగిందమ్మా?"

పెద్దమ్మ తల వంచుకుని కంప్యూటర్‌కు పూలగుడ్డ కప్పింది. మునెమ్మ నా వైపు తిరిగి, "నువ్వు యాల ఏడస్తాండావు పాపా?" అని కొంగుతో నా కళ్లు తుడిచింది.

పెద్దపంజాణిలో ఆ ఇంటి గోడ మీద, అరుణ ముఖాన, నా నవ్వు ఇప్పటికీ పూలదండ వేసుకుని ఉండే ఉంటుంది.