పెద్దమ్మ వేసిన తాళం

దసరా వస్తుందంటే మా ఇంట్లో నెల ముందే ఆ మాట మొదలవుతుంది. పదేళ్లుగా అదే మాట, అవే జవాబులు. ఆ సాయంత్రం మా కాలనీ అంతా జమ్మి ఆకు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. బంగారం అంటూ ఆకు చేతిలో పెట్టి చిన్నవాళ్లు పెద్దల కాళ్లు మొక్కుతారు. మేం క్రైస్తవులం. పూజ చేసిన చెట్టు ఆకు తీసుకోవచ్చా, కూడదా? మా ఆయన బొగ్గుగనిలో ఉద్యోగి, చర్చి సంఘంలో పెద్ద. ఆయనకు అసలు అనుమానమే లేదు.

"ఇయ్యాల ఆకు తీసుకుంటే ఏందంటవు, రేపు బొట్టు పెట్టుకుంటే ఏందంటవు," అంటాడు.

"అయితే వచ్చినోళ్లకు నువ్వే చెప్పు. మొహం మీద వద్దనుడు నాతోని కాదు," అంటాను. దవాఖానాలో పొద్దంతా నిలబడి వచ్చినదాన్ని, అంతకు మించి వాదించే ఓపిక నాకెక్కడిది?

ఆయనా చెప్పలేడు. అందుకని తాళం ఉపాయం కనిపెట్టాం. మొదటి ఏడు ఆయనే ముందు తలుపుకి బయట తాళం వేసి, వెనక గోడ దూకి లోపలికొచ్చాడు. మోకాలు చెక్కుకుపోయింది. వారం పాటు కుంటుతుంటే పక్క క్వార్టర్ పెద్దమ్మ ఏమైందని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. నేను డ్యూటీకి పోతే నా బిడ్డను చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. క్రిస్మస్ కేకులో మొదటి ముక్క ఏటా ఆమెదే. ఆమె దగ్గర అబద్ధం నా నోట రాదు.

కోపమొస్తుందనుకున్నాను. నవ్వింది.

"గీ వయసుల గోడలు దుంకుడేంది బిడ్డా? వచ్చే యేడు తాళం నాకియ్యి, నేనేస్త. అడిగినోళ్లకు జూలూరుపాడు పోయిన్రని చెప్త."

అప్పటినుంచి ప్రతి దసరాకీ మాకు తాళం వేసేది ఆమే. అందరి రాకపోకలూ అయ్యాక వచ్చి తీసేది. అంతదాకా మేం ముగ్గురం ఫ్యాన్ ఆపుకుని, టీవీ పెట్టకుండా, పొయ్యి మీద కుక్కర్ కూడా ఎక్కించకుండా కూర్చునేవాళ్లం. బయట నవ్వులు వినపడేవి. సొంత ఇంట్లోనే దొంగల్లా ఉన్నామనిపించేది. ఇది భక్తా, పిరికితనమా అని ఆలోచించడం కూడా కొన్నాళ్లకు మానేశాను. అలసిపోయాను, అంతే.

మొన్నటి దసరాకి ఆమె తొందరగా వచ్చేసింది. తాళం తీసి, లోపలికి రాకుండా మెట్టు మీదే కూలబడింది.

"ఏంది పెద్దమ్మా, ఇంత జల్దీ వచ్చినవ్?" అన్నాను.

"ఎదురుచూసి చూసి విసుగొచ్చింది బిడ్డా. మా కొడుకు డ్యూటీ ఉన్నదని రాలె. కోడలు, పిల్లలు పెనుబల్లి పోయిన్రు. కాలనీల పాతోళ్లంత రిటైరై పాయె. ఈ యేడు నా గడప ఎవ్వరూ తొక్కలె."

ఆమె కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. వేళ్ల సందుల్లోంచి జమ్మి ఆకు కనబడుతోంది. నేను చూశానని గమనించి ఆ పిడికిలిని కొంగు కింద పెట్టుకుంది.

మా అమ్మాయి ఊరుకోలేదు. "నాన్నా, అమ్మమ్మకు ఎవ్వరూ మొక్కలేదంట. నేను మొక్కనా?"

ఆయన గోడ వైపు చూశాడు. "మీ అమ్మనడుగు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పదేళ్లు తన మాటే నెగ్గించుకుని, తీరా ఇప్పుడు నన్నడగమంటాడు! ఆ కోపంలోనే బయటికి వచ్చి, పెద్దమ్మ ముందు కూర్చుని చెయ్యి చాపాను.

"ఆ ఆకు ఇయ్యి పెద్దమ్మా, నీ చేతిల పెట్టి మొక్కుత. బిడ్డ కూడ మొక్కుతది."

ఆమె నా అరచేతిని చూసింది. పిడికిలి మాత్రం విప్పలేదు.

"వద్దు బిడ్డా. ఎవలన్న చూస్తే మీ ఆయనకు సంఘంల మాటొస్తది. నా కోసమని నువ్వు తప్పు చెయ్యొద్దు."

"ఇది తప్పు కాదు పెద్దమ్మా."

"పదేండ్ల సంది తప్పనే కదా తాళమేయించుకున్నరు," అంది.

ఎత్తిపొడుపు కాదది. ఆమె మా మాటను నిజంగా నమ్మింది, మేం నమ్మినదానికంటే ఎక్కువగా. నాకు ఏడుపొచ్చింది.

చాచిన నా చేతిలో తాళం, తాళంచెవి పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, ఆమె తన క్వార్టర్‌కి వెళ్లిపోయింది.