ఉచ్చీరప్ప వద్దన్న ఓళిగ

ఎమ్మిగనూరులో గుంట మగ్గం నేసే ఉచ్చీరప్పకు బుగ్గలో బెల్లం ముక్క లేనిదే చెయ్యి ఆడేది కాదు. పొద్దున గుంటలోకి దిగేటప్పుడు ఒకటి పెట్టుకుంటే, అది కరిగేలోగా ఇంకొకటి సిద్ధం. "నీ సీరలకు సీమలు పడతాయప్పా" అని పక్క మగ్గం గోవిందు ఎగతాళి చేసేవాడు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది అతని కుడికాలి చిటికెన వేలికి పుండు లేచింది. ఎంతకూ మానలేదు. ఆదోనిలో డాక్టరు చూసి, చక్కెర జబ్బని చెప్పి సూదులు మొదలుపెట్టాడు. చక్కెర ముట్టవద్దన్నాడు. ఆ మాట ఉచ్చీరప్ప తప్పలేదు. ఇంట్లో చక్కెర ఎప్పుడుంది గనక? హోటల్లో చాయ్ మానేశాడు, అంతే. బుగ్గలో బెల్లం మాత్రం అలాగే ఉంది. వేలు నల్లబడింది. చివరికి దాన్ని తీసేయవలసి వచ్చింది.

"చక్కెర మానమన్నానా లేదా?" డాక్టరు గద్దించాడు.

"ఒట్టు సామీ, ముట్టల్యా. బెల్లమే తింటాండా."

డాక్టరు తల పట్టుకున్నాడు. "బెల్లమూ అదేనయ్యా! ఇట్లాగే తింటే ఈసారి పాదం పోతుంది."

పాదం పోతే మగ్గం లేదు. గుంటలో కూర్చుని రెండు కాళ్లతో కొయ్యలు మార్చి మార్చి తొక్కితేనే పోగులు విడతాయి, వాటి మధ్య అడ్డపోగు మోసే నాడె సాగుతుంది. బస్సు దిగి ఇంటికి రాగానే ఉచ్చీరప్ప బెల్లం కుండ ఎత్తుకుపోయి గోవిందు ఇంట్లో పెట్టి వచ్చాడు.

మధ్యాహ్నమయ్యేసరికి నోరు పీకేది. చెయ్యి తడబడి పోగులు తెగేవి. భార్య మద్దమ్మ మీద ఊరికే అరిచేవాడు. బెల్లం బదులు బుగ్గలో మెంతులు పెట్టుకుని, ఆ చేదు కోపమంతా కొయ్యల మీద చూపించేవాడు.

"రవ్వంతకే సావవులేప్పా" అని గోవిందు ఒకరోజు బెల్లం ముక్క చూపించాడు.

"ఇంగోసారి సూపిస్తే నాడె ఇసిరి కొడతా!"

ఉగాదికి తుగ్గలి నుంచి అక్క కమలమ్మ బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు చేసుకొచ్చింది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఓళిగ మీద నెయ్యి పోసి, తుంచి తమ్ముడి నోటి దగ్గర పెట్టింది. బెల్లం వాసనకు ఉచ్చీరప్ప నోట్లో నీళ్లూరాయి. మొహం తిప్పుకున్నాడు.

"పండగ పూట్రా. ఒక్కటి తింటే యేమయితాది?"

"వద్దక్కా."

"నా సేతిది వద్దంటావా? అయితే మల్లా నీ ఇంటికి రాను పో."

తినెయ్యమని మద్దమ్మ కళ్లతోనే బతిమాలింది.

"అలిగితే అలుగక్కా. అలిగినోళ్లు మల్లా వస్తారు. కోసిన కాలు వస్తాదా? నువ్వొచ్చి గుంటలో దిగి నేస్తావా?"

పండగనాడు మగ్గం ముట్టరు. అయినా చరచరా వెళ్లి గుంటలోకి దిగాడు. నాడె గట్టిగా కొట్టుకోసాగింది.

కమలమ్మ తిట్టుకుంటూ వెనకే వచ్చింది. గుంట అంచున వంగి చూసింది. కట్టు విప్పి కొద్దిరోజులే అయిన పాదం కొయ్యను తొక్కుతూ ఉంది. వేలు ఉండవలసిన చోట ఎర్రటి మచ్చ.

"యేం సూస్తాండావక్కా?"

"నీ మొండితనాన్ని." చేతిలోని ముక్కను గిన్నెలో వేసి మూత పెట్టింది. "మద్దమ్మా, ఈటిని ఆ గోవిందు మొహాన కొట్టిరా. ఇంట్లో తినేకి యేముంది?"

"జొన్న రొట్టె, నంజుకునేకి ఊరిబిండి," అన్నాడు ఉచ్చీరప్ప, తొక్కడం ఆపకుండా. "నాకూ పెట్టమను."