నాలుగు మూలల పసుపు

మా ముత్తాత జగన్నాథరాజుగారు తొమ్మిది ఊళ్ల మొఖాసాదారు. మా తాత నరసరాజుగారు కచేరీ చావడిలోకి వస్తే కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఆ వంశంలో పుట్టి, మా అక్కతో ఆడిన ఒక అబద్ధాన్ని నాలుగేళ్లుగా మోస్తున్నాను. దించుకోవడానికి మీరు తప్ప నాకు ఎవరూ లేరు.

పొగాకు కొనడానికి వచ్చిన ఒక అమెరికా దొర తాతగారికి బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న చిన్న కార్డు ఇచ్చాడు. పూర్వం వాళ్ల సిగరెట్ పెట్టెల్లో వచ్చేదట. ఆ ఆటేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా దొర కానుక కాబట్టి పూజగదిలో ఉండేది. ప్రతి దసరాకు పుస్తకాలతో పాటు దాని నాలుగు మూలలకూ పసుపు పెట్టేవాళ్లం. పెట్టేది అక్క. నేను పక్కన కూర్చుని ఆమె వేలి కొసను చూస్తుండేవాణ్ణి.

భూములు పోయాయి, ఇల్లు పోయింది. కార్డు అక్కతో కిల్కెన్నీ అనే ఐరిష్ ఊరికి వచ్చింది. ఆమె అక్కడ ఆసుపత్రిలో నర్సు. నేను అదే దేశంలో లీక్స్‌లిప్‌లో ఇంజనీరుని. లాక్‌డౌన్‌లో పాత కార్డులకు గిరాకీ పెరిగిందని విని, దాన్ని అమెరికాలో గ్రేడింగ్‌కు, అంటే నాణ్యత చూసి పదికి ఇంతని నంబరు వేసే కంపెనీకి, పంపుదామన్నాను. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడని రోజులు. అక్క నాకు పోస్టులో పంపింది. అమ్మడానికి మాత్రం వీల్లేదంది. నంబరు వేయించి తిరిగి తన చేతికి ఇవ్వాలి.

కార్డులు సేకరించే సహోద్యోగి ఒకాయన ఫోటో చూసి ముందే చెప్పాడు. మరక ఉన్నా, మూల అరిగినా గ్రేడ్ తగ్గుతుంది, కానీ ఎంతో కొంత నంబరు వస్తుంది, నువ్వు మాత్రం చేయి పెట్టకు అని. నేను వినలేదు. మా ఇంటి వస్తువుకు ఒకటో రెండో నంబరా? స్టీలు స్కేలు ఆనించి, బ్లేడుతో నాలుగు అంచులూ సన్నగా కోశాను. పసుపు పోయింది. కార్డు కొత్తదానిలా కనిపించింది. గర్వపడ్డాను కూడా.

వాళ్లు కొలిచి చూసి తిప్పి పంపారు. అంచు కత్తిరించిన కార్డుకు అసలు నంబరే ఉండదు.

అక్క ఫోన్ చేసింది.

“ఏరా, మన దొరగారు పాసయ్యారా?”

“లేదక్కా. నంబర్ ఇవ్వరంట.”

“అదేంట్రా?”

“మూలల్లో పసుపుందిగా. మరక కింద లెక్కంట.”

“ఇక్కడివాళ్లు కేఫ్‌ల ముందు క్యూ కట్టి మరీ పసుపు పాలు తాగుతారు, కార్డు మీద ఉంటే తప్పొచ్చిందా?” నవ్వింది. “అయితే నేనే పాడుచేశానన్నమాట.”

“నీకేం తెలుసులే అక్కా. వదిలేయ్.”

క్షమించినవాడిలా అన్నాను ఆ మాట. ఎందుకన్నాను? కోప్పడుతుందనా? ఆమె జన్మలో నన్ను కోప్పడలేదు. పసుపు తుడిచెయ్యాలన్నంత సిగ్గు నాకెందుకు కలిగిందని అడుగుతుందేమోనని, ఆ తప్పును ఆమె చేతిలో పెట్టేశాను.

ఆ ఏడు దసరాకు వాళ్లింటికి వెళ్లాను. దేవుడి ముందు పుస్తకాలు, కొత్త కారు తాళాలు ఉన్నాయి. దేనికీ పసుపు లేదు. మరకలవుతాయని మానేసిందట. శానిటైజర్‌కు పొడిబారిన ఆమె వేళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ వేలి కొసన ఒక్కసారి మళ్లీ పసుపు చూడాలని ఎంత ఉందో చెప్పలేను. పెట్టమని అడగలేనా? అడిగితే కారణం చెప్పాలి.

మీకు చెప్పాను. ఆమెకు చెప్పినట్టు కాదు, తెలుసు. అయినా కాస్త ఊపిరి ఆడుతోంది.

తను పాడుచేసింది తనకొద్దని, నన్నే ఉంచుకోమంది. కార్డు నా దగ్గరే భద్రంగా ఉందని ఆమె అనుకుంటోంది. కిందటేడు కార్లో అనే ఊళ్లో ఒకాయనకు, అంచులు కత్తిరించినదని చెప్పే, అమ్మేశాను.