చెరువు తేరుకుంది, చేప తేరుకోలేదు

2022 మే నెల, నడి వేసవి. మిర్యాలగూడలోని ఒక ల్యాబులో నీళ్లు, చేపలు పరీక్ష చేసేదాన్ని. వాడపల్లి దగ్గరి ఊరి నుంచి సైదులు అనే మత్స్యకారుడు తన చెరువులోని కొర్రమీనునూ రవ్వ చేపనూ తెచ్చాడు. ఎండలకు చెరువు అడుగంటి, చేపలు చస్తున్నాయట. అతని కూతురు మంజులకు అప్పుడు ఐదో నెల. రక్తం పడుతుందని తల్లి వారానికి రెండుసార్లు కొర్రమీను పులుసు పెడుతోంది.

కొర్రమీను మాంసంలో పాదరసం పరిమితి దాటింది. కడుపులో బిడ్డ మెదడుకు అది ముప్పు. అదే చెరువులో పెరిగిన రవ్వలో మాత్రం తక్కువే ఉంది. మిషన్ మీద అనుమానంతో మళ్లీ చేశాను. అవే అంకెలు. నాకేమీ పాలుపోలేదు గానీ, పులుసు మాత్రం మాన్పించాను.

ఆగస్టులో సైదులు మళ్లీ వచ్చాడు. ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో కొర్రమీను, వాళ్ల మాటలో కొర్రమట్ట.

"చెరువు నిండింది మేడం. నీళ్లు తేటగైనయి. మా మంజుల కొర్రమట్ట కూర కావాలంటున్నది. ఇగ పెట్టొచ్చా?"

నీళ్లలో పాదరసం జాడే లేదు. చేప రిపోర్టుకు వారం పడుతుంది. పాపం, కడుపుతో ఉన్న పిల్ల అడుగుతోంది కదా అనిపించింది.

"నీళ్లు బాగున్నాయి, పెట్టండి" అన్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

వారం తర్వాత చూస్తే చేపలో పాదరసం దాదాపు మే నెలలో ఉన్నంతే ఉంది. నీళ్లు మంచివైతే చేప ఎందుకు బాగుపడలేదు? తల గోక్కుని, సూర్యాపేటలో ఉండే మా పాత సీనియర్‌కు ఫోన్ చేశాను.

"వాన చెరువును కడుగుతది. చేప ఒంటిని కడుగుతదా?" అని కసిరి, విడమరిచి చెప్పాడాయన. ఎండలకు నీళ్లు తగ్గి వేడెక్కితే అడుగు బురదలో గాలి ఆడదు. అక్కడి పాదరసం చేప ఒంటికి పట్టే రూపంలోకి మారుతుంది. చిన్న చేపల్లో చేరినదంతా వాటిని తినే కొర్రమీనులో పోగవుతుంది; నాచు తినే రవ్వలో అంతగా చేరదు. ఇలా ఒంట్లో విషం పేరుకుపోవడాన్నే బయోఅక్యుమ్యులేషన్ అంటారు. పేరుకున్నది నెలల తరబడి పోదు.

మర్నాడే వాళ్లింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. మంజుల అడిగింది.

"నేను తాగేది బోరు నీళ్లు మేడం. తినేది చేపను. చేప సంగతి అడిగితే నీళ్ల సంగతి ఎందుకు చెప్పిన్రు?"

ఆమెను నేనే వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్లాను. ఇప్పుడే ఏమీ చెప్పలేమని, పుట్టాక బిడ్డ ఎదుగుదలను గమనించాలని డాక్టరమ్మ అన్నారు. బాబు పుట్టాడు, బాగానే ఉన్నాడు. అయినా సైదులు ఫోన్ వస్తే ఇప్పటికీ ముందు బాబు ఎలా ఉన్నాడనే అడుగుతాను.

ఇప్పుడు ఎవరు ఎంత తొందరపెట్టినా, "నాకింకా తెలియదు, వారం ఆగండి" అంటాను. ఆ మాట ఆ రోజే అని ఉంటే, మంజుల ఇంకో రెండుసార్లు ఆ పులుసు తినేది కాదు.