హిల్కా వదిన కెమెరా తిప్పలు

మా వదిన హిల్కా మొయిలనెన్ ముప్పై ఏళ్లు బడి వంటగదిలో బఠానీ సూపు కాచిన మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. వంటగదికి సెలవు దొరికితే చాలు, ఔలుయార్వి సరస్సు మీద గాలం పట్టుకుని కూర్చునేది. మా అన్నయ్యకి పడవెక్కితే వాంతులు. అందుకని తెడ్లు వేసే పని నాదే.

2006 సెప్టెంబరులో ఆమె గాలానికి పెద్ద ట్రౌట్ చేప పడింది. పడవలోని కొలతల పలక మీద పెడితే ఎనభై మూడు సెంటీమీటర్లు. సరస్సులో సహజంగా పుట్టిన ట్రౌట్‌ని తిరిగి వదిలెయ్యాలని మా చేపల సంఘం నియమం. వదిన వదిలేసింది. మర్నాడు సంఘం కార్యదర్శి వోయిత్తోకి చెబితే, ఆయన కాఫీ కప్పు దించకుండానే అడిగాడు.

"ఫోటో ఏది?"

"కొలిచాను. ఐలా చూసింది," అని వదిన నన్ను చూపించింది.

"ఐలా నీ ఆడపడుచు. ఆవిడ చూసిందని రికార్డుల పట్టికలో ఎక్కించలేను హిల్కా. పలక మీద చేప కనబడే ఫోటో కావాలి."

గోడ మీది పట్టికలో అన్నిటికన్నా పైన ఉన్నది వోయిత్తో పేరే. ఆయన చేప ఎనభై ఒకటి.

వదిన బయటికొచ్చింది. ఆ వారమే కయాని ఊళ్లో కెమెరాల కొట్టుకి వెళ్లాం. కుర్రాడొకడు వెండి రంగు కెమెరా చూపించి ఏడు మెగాపిక్సెల్స్ అన్నాడు, జూమ్ అన్నాడు.

"చేప జారిపోయేలోపు ఫోటో పడుతుందా?" అంది వదిన.

"చాలా స్పష్టంగా పడుతుందండీ."

"స్పష్టం సంగతి కాదు నాయనా, తొందరగా పడుతుందా అని."

అతను మళ్లీ జూమ్ గురించే చెప్పాడు. ఆ ధరకి ఇంతకన్నా మంచిది లేదంటే కొనేసింది.

మే నెలలో మంచు కరగ్గానే సరస్సులోకి వెళ్లాం. చలికి బ్యాటరీ పది నిమిషాల్లో చచ్చింది. వదిన దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చజేసి మళ్లీ వేసింది. ఇంతలో పడవలో పడిన చేప ఒకటి తోక కొట్టింది. ఆ నీళ్లు తగిలి కెమెరా లెన్సు సగం బయటికొచ్చి బిగుసుకుపోయింది. కొట్టుకి తీసుకెళ్తే, నీళ్లు తగిలితే వారంటీ వర్తించదన్నారు.

"నీళ్లు తగలకుండా చేపలు ఎలా పట్టాలో కాస్త మీరే చెప్పండి," అంది వదిన. వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

రెండోది నీళ్లలో పడినా ఏమీ కాదని క్యాటలాగులో చూసి తెప్పించింది. నిజంగానే ఏమీ కాలేదు. కానీ మీట పెసరగింజంత ఉండేది, చేతి తొడుగులతో నొక్కలేం. నొక్కినా, ఒక క్షణం ఆలోచించుకుని గానీ ఫోటో తీసేది కాదు. ఎండలో తెర నల్లగా కనబడేది. ఆ వేసవంతా తీసిన ఫోటోలు ఇంట్లో కంప్యూటర్లో చూశాం. ఒక తోక, నా బూటు, ఖాళీ పలక.

"ఇందులో చేపేదే ఐలా?"

"ఇప్పుడే వెళ్లింది వదినా."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడాది వసంతంలో ఇల్లు కట్టేవాళ్లకి పనిముట్లు అమ్మే కొట్టుకి నన్ను తీసుకెళ్లింది. చేతిలో బకెట్, బకెట్‌లో మంచుముక్కలు కలిపిన నీళ్లు. కొట్టు నడిపే రాకెల్ అనే పెద్దావిడ బకెట్ వంకా మా వంకా చూసింది.

"ఏం ముంచుతారమ్మా అందులో?"

"ముందు కెమెరా, తర్వాత నా చెయ్యి. రెండూ పనిచేస్తే కొంటాను."

"కొత్తవాటిని ముంచనివ్వను," అని రాకెల్ లోపలికెళ్లి, పసుపుపచ్చటి బరువైన కెమెరా ఒకటి తెచ్చింది. ఇళ్లు కట్టేచోట వాడే పాత రకం. తయారీ ఆపేశారు కాబట్టి సగం ధరకే ఇస్తానంది. "మెగాపిక్సెల్స్ నాలుగే మరి."

"నేనేం వాటిని వేపుకు తినను."

వదిన దాన్ని ఐదు నిమిషాలు నీళ్లలో ఉంచింది. తడిసిన ఉన్ని తొడుగుతోనే నొక్కింది. నొక్కగానే రాకెల్ మొహం ఫోటోలో పడింది. మామూలు టార్చిలైటు బ్యాటరీలతో పనిచేస్తుందట. రెండేళ్లలో మొదటిసారి వదిన బిగబట్టిన భుజాలు సడలడం చూశాను.

ఆ సెప్టెంబరులోనే, 2008లో, ఎనభై నాలుగు సెంటీమీటర్ల ట్రౌట్ పడింది. పలకా, అంకెలూ, చేపా, వెనకాల నీళ్లూ, పసుపు రంగుకి తిరిగిన బర్చ్ చెట్ల ఆకులూ అన్నీ ఫోటోలో పడ్డాయి. వదిన వదిలితే చేప నెమ్మదిగా నీళ్లలోకి జారిపోయింది.

వోయిత్తో కంప్యూటర్లో ఫోటోని చాలాసేపు చూశాడు. తర్వాత వేలు మూల మీద పెట్టాడు. అక్కడ జనవరి 1, 2005 అని పడి ఉంది. ముందు రోజే బ్యాటరీలు మార్చాం. మార్చినప్పుడల్లా దాని గడియారం మొదటికొస్తుందని మాకెవరూ చెప్పలేదు.

"జనవరిలో సరస్సు గడ్డకట్టి ఉంటుంది వోయిత్తో. ఆకులుంటాయా?" అంది వదిన.

"నాకు తెలుసు హిల్కా. కానీ ఈ తేదీతో పట్టికలో ఎలా రాయను?"

వదిన ఒప్పుకోలేదు. సంఘం సమావేశంలో పెట్టించింది. చేతులెత్తితే ఏడుగురు వద్దన్నారు, ఆరుగురు రాయమన్నారు. వోయిత్తో కూడా రాయమనే చెయ్యెత్తాడు. అది ఆమెకి మరీ కష్టమనిపించింది. ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు.

ఇప్పుడు పడవెక్కే ముందు తేదీ రెండుసార్లు చూస్తుంది, నా చేత మూడోసారి చూపిస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లలో ఆమెకి పడిన ట్రౌట్లలో అన్నిటికన్నా పెద్దది అరవై రెండు సెంటీమీటర్లే.