జంటగా వెళ్లాల్సిన ఓడలు

కూడబలుక్కుంటూ అయినా నేను చివరిదాకా చదివిన మొదటి వార్త, ఒక ఓడ కాలిపోయిన వార్త. ఆకాశం మీదికి వెళ్లి, కొన్నాళ్లు అక్కడే తిరిగి, ఇంటికి వస్తూ నేల చేరకముందే ముక్కలైంది. అందులో మన దేశంలో పుట్టిన ఆడమనిషి కూడా ఉంది.

అప్పటికి బడి వరండాలో సాయంత్రాలు నడిచే చదువు కేంద్రానికి నేను ఏడాదికి పైగా వెళ్తున్నాను. నా పిల్లల చదువులు అయిపోయాక నేను అక్షరాలు దిద్దాను. మాది చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట ఒక చిన్న పల్లె. మా తోటికోడలు కూడా నాతో వచ్చేది. ఆమె పలక ముట్టుకునేది కాదు. గోడకు ఆనుకుని కూర్చుని అందరి చదువునూ వెక్కిరించేది.

"ఎందుకు కాలిందంట?" అని ఆమె అడిగింది.

చదువు చెప్పే అమ్మాయి పేపరు తీసుకుని చూసింది. "పైకి పోయేటప్పుడే రెక్కకు ఏదో తాకిందంట అత్తా. ఎంత దెబ్బ తాకిందో లోపలున్నోళ్లకు తెల్వలేదంటున్నరు."

"తెల్వకపోవుడేంది? బయటికొచ్చి చూసుకోవద్దా?"

"అక్కడ బయటికొచ్చుడంటే మన వాకిట్లకు వచ్చినట్టా?"

"గట్లయితే ఇంకొకళ్లు చూడాలె."

"ఇంకొకళ్లు ఎవరుంటరు? పోయింది ఒక్కటే."

మా తోటికోడలు మూతి తిప్పింది. తర్వాత, "అడివికి మేకనన్నా ఒక్కదాన్ని తోలం. పంపినోడు ఎవడో గానీ వానికి ఇల్లు లేనట్టుంది" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఎండాకాలం మాకు బీడీలకు పనికొచ్చే తునికాకు కోసే పని. తెల్లవారకముందే అడవికి వెళ్తాం. ఎవరూ ఒంటరిగా వెళ్లరు, ప్రతి మనిషికీ ఒక జత ఉంటుంది. నా జత మా తోటికోడలే. ఆకు కోస్తూ ఎంత దూరం పోయినా అప్పుడప్పుడు కూత వేస్తాం, జత మనిషి తిరిగి కూయాలి. ఎండ ముదిరాక మూట నెత్తికెత్తుకునే ముందు ఇంకొక పని ఉంది. ఇద్దరం ఒకరి వీపు ఒకరు చూసుకుంటాం. పిడుదులు, కొండచీమలు, గొంగళిపురుగులు, ముల్లు గీరిన గాయాలు, అన్నీ వెనకవైపే ఉంటాయి. ఎవరి వీపు వాళ్లకు కనబడదు. వీపు చూపించుకోకుండా అడవి దాటిన మనిషిని నేను చూడలేదు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. ఎప్పటినుంచో ఉంది.

ఆ వార్త చదివిన దగ్గరనుంచి నా మనసులో రెండు ఓడలు తిరగడం మొదలుపెట్టాయి. ఒకేలాంటివి, ఒకేసారి బయల్దేరేవి. పైన ఒకదానికొకటి కేకందేంత దూరంలో ఉండాలి. కిందికి దిగే ముందు ఒకటి ఆగితే ఇంకొకటి దాని చుట్టూ తిరిగి రెక్కలు, పొట్ట, వెనకవైపు అన్నీ చూడాలి. తర్వాత అది ఆగాలి, ఇది తిరగాలి. దెబ్బ కనబడితే ఆ ఓడలోని మనుషులు ఈ ఓడలోకి రావాలి. అందుకని ప్రతి ఓడలోనూ సగం జాగా ఖాళీగా ఉంచాలి.

పలక మీద గీసి చూపిస్తే చదువు చెప్పే అమ్మాయి చాలాసేపు చూసింది. "ఖర్చు రెండింతలయితది గదా అత్తా" అంది. అది నిజమే. నాకు కోపం రాలేదు, సంతోషమేసింది. నేను గీసినదాని గురించి ఒక మనిషి ఆలోచించి మాట అన్నది అదే మొదటిసారి.

వానలు తగ్గుముఖం పట్టాక, ఖమ్మంలో ప్రదర్శన పెడుతున్నారనీ, ప్రతి కేంద్రం నుంచీ చదువు నేర్చినవాళ్లు చేసినదేదైనా తేవాలనీ కబురొచ్చింది. నేను ఓడలు చేస్తానన్నాను. క్రిస్మస్‌కు మా ఇళ్లమీద కట్టే నక్షత్రాలు వెదురు బద్దలతో నేనే చేస్తాను కాబట్టి చేతికి ఆ పని తెలుసు. బద్దలు చీరి, వంచి, దారంతో బిగించి, తెల్ల కాగితం అంటించాను. రెండూ ఒక్క తీరుగా వచ్చాయి. ఓడలు తేలికే అయ్యాయి. చార్టు మీద రాయడానికే ఎక్కువ కష్టపడ్డాను. ఎన్నిసార్లు చింపానో. చివరికి ఇలా రాశాను: "ఓడలు రెండు పోవాలి. ఒకటి పోతే దాని వీపు ఎవరు చూస్తారు. దిగే ముందు ఒకదాన్ని ఒకటి చూడాలి. సగం జాగా ఖాళీ ఉంచాలి. ఆ జాగా వట్టిది కాదు."

వాటిని ఎవరో కడతారని నేను అనుకోలేదు. అంత తెలియని దాన్ని కాదు. నాకు కావలసిందల్లా, తెలిసినవాళ్లు ఒకరు ఆ చార్టు చివరిదాకా చదవడం. చదివి, ఇది కుదరదు, ఎందుకంటే ఇదీ అని చెప్పినా చాలు. ఇంటికి సంబరంగా వచ్చేదాన్ని.

మా తోటికోడలు ఒక ఓడ, నేను ఒక ఓడ పట్టుకుని బస్సులో వెళ్లాం. హాల్లో బల్లలు సర్దుతున్న సారు తలెత్తకుండానే, "ఒకటి చాలమ్మా, రెండూ ఒకటే కదా" అన్నాడు.

"రెండు ఉంటెనే అది సార్."

"అంటే?"

"దీని వీపు అది చూడాలె."

"వీపా?" అని నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. తొందరలో ఉన్న మనిషి నవ్వు. "పక్కన పచ్చళ్లు పెట్టాలె, జాగా లేదు" అని ఒకదాన్ని తాడుతో పైన కట్టించాడు. రెండోది బల్లకింద పెట్టమన్నాడు. కట్టినదాంట్లో ఎవరో బల్బు పెట్టారు. చార్టు చూసి, అక్షరాలు చిన్నగా ఉన్నాయి, దూరానికి కనబడవన్నాడు. దాన్ని వెనక్కి తిప్పి స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి గోడకు అంటించాడు. నేను చదివాను. "కొత్తగా చదువు నేర్చిన మహిళ చేసిన క్రిస్మస్ నక్షత్రం." నేను రాసింది గోడవైపు ఉంది.

కాసేపటికి ప్రదర్శన చూడడానికి ఎవరో పెద్దాయన వచ్చాడు, చుట్టూ కెమెరాలు. నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించి ఫొటోలు తీశారు.

"ఇంతకుముందు వేలిముద్రేనా అమ్మా?"

"అవ్ సార్."

"ఇప్పుడు రాస్తున్నవా?"

"రాస్త సార్. రాసిన. ఆ అట్ట ఎనక ఉన్నది సార్."

"చాలా సంతోషం" అన్నాడు. చార్టు ముందువైపు చూసి, బల్బు చూసి, పచ్చళ్ల బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. మామిడికాయ ముక్క నోట్లో వేసుకుని, నూనె ఏ నూనె అని అక్కడి ఆమెను అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన నిలబడి విన్నాడు.

"నువ్వు వేలిముద్ర వేసినా గట్లనే పోయేటోడు" అంది మా తోటికోడలు. "అనవసరంగ నేర్చినవ్ చెల్లె. పచ్చడి పెట్టకపోయినవ్."

పైన కట్టినదాన్ని ప్రదర్శన అయ్యేదాకా తిరిగి ఇచ్చేది లేదన్నారు. బల్లకింద ఉన్నదాన్ని తీసుకుని బయల్దేరాం. బస్సులో కండక్టరు, "ఏందమ్మా అది?" అన్నాడు.

"ఆకాశం మీదికి పోయే ఓడ" అంది మా తోటికోడలు.

"ఏడిదాంక?"

"చండ్రుగొండ. దానికి టికెట్ లేదు, మాకే కొట్టు."

బస్సంతా నవ్వింది. నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను.

తర్వాత చదువు చెప్పే అమ్మాయి ప్రదర్శన పెట్టినవాళ్ల ఆఫీసుకు వెళ్లి అక్కడ కట్టిన ఓడ గురించి అడిగింది. పండగకు పనికొస్తుందని ఎవరో పట్టుకుపోయారట. చార్టు సంగతి వాళ్లకు గుర్తే లేదు. ఇంట్లో ఉన్నదాన్ని ఆ డిసెంబరులో వాకిట్లో కడదామని మా ఆయన అన్నాడు. నేను కట్టనివ్వలేదు. వెదురు పనికొస్తుంది కదా అని విప్పి, చిక్కుడు తీగకు పందిరి వేశాను.

కేంద్రం కొన్నాళ్లకు మూతపడింది. చదవడం మాత్రం నేను మానలేదు. పైకి వెళ్లే ఓడల గురించి ఎక్కడ రాసినా చదువుతాను. ఎంత దూరం, ఎంత వేగం, ఎంత బరువు, ఎవరు ముందు వెళ్లారు, అన్నీ రాస్తారు. పక్కన ఇంకొకటి వెళ్లిందని ఇప్పటిదాకా నాకు ఎక్కడా కనబడలేదు. కొన్నేళ్లకు మన దేశమే చంద్రుడి దగ్గరికి ఒకటి పంపిందని పేపర్లో వచ్చింది. టీ బండి దగ్గర నిలబడి మొత్తం చదివాను. అందరూ గర్వపడుతున్నారు. అందులో మనుషులెవరూ లేరని కిందెక్కడో చిన్నగా రాశారు. మంచిదే అనుకుని పేపరు మడిచి బండివాడికి ఇచ్చేశాను.