మంజీర నీళ్ళలో సొరపిల్ల

మా ఇల్లు జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌కి దిగే వాలు మీద ఉండేది. తొంభైల మొదట్లో ఆ వీధిలో షూటింగులకు ఇవ్వని ఇల్లు మాదొక్కటే. నాన్న జువాలజీ లెక్చరర్. సినిమావాళ్ళు గుమ్మంలోకొస్తే పిల్లలకు పరీక్షలని చెప్పి పంపేసేవారు. పిల్లలంటే నేనొక్కదాన్నే, నాకేమో సినిమా పిచ్చి.

ఆయన పిచ్చి వేరే. ఆయన గదిలో బీరువా మీద ఒక గాజుసీసా, అందులో జానెడున్నర సొరపిల్ల ఉండేవి. విశాఖలో పనిచేసేటప్పుడు, బాగా లోతున వల వేసే బోటు వాళ్ళను బతిమాలి తెచ్చుకున్నారు. వాళ్ళు నూనె కోసం సొర కాలేయం కోసుకుని మిగతాది సముద్రంలోకి విసిరేసేవారట. అలా విసరబోతున్న తల్లి కడుపులో దొరికింది ఈ పిల్ల. ఒక్కటే. ఈ జాతి రెండేళ్ళ దాకా మోసి ఒక్క పిల్లనే కంటుందని, తల్లులను ఇలా పట్టుకుంటూ పోతే అసలు ఉందని తెలియకముందే అయిపోతుందని అన్నాల దగ్గర చెప్పేవారు. దాని వీపు మీద రెండు రెక్కలు, ఒక్కోదాని ముందు ఒక ముల్లు. ఆ రెండో రెక్కను బట్టి ఇది ఇంతవరకు ఎవరూ పేరుపెట్టి రాయని రకమని ఆయన నమ్మకం. పేరంటూ ఉంటే కదా కాపాడమని అడగడానికి, అనేవారు. సొరల గురించి బాగా తెలిసిన మద్రాసు పెద్దాయన ఒకరు జూన్‌లో వచ్చి చూస్తామని రాశారు. ఆయన ఎదుటే మూత తీద్దామని నాన్న కొలతలు తీయలేదు, బొమ్మ గీయలేదు. వస్తువే ఉండగా బొమ్మెందుకని ధీమా.

ఆ ఏప్రిల్‌లో నాన్న పరీక్ష పేపర్లు దిద్దడానికి విశాఖ వెళ్ళారు. అమ్మా నేనూ కూడబలుక్కుని రెండు రోజులకు ఇల్లు షూటింగుకు ఇచ్చేశాం. హీరో సైంటిస్టట. సెట్లో సామాను అమర్చే రహమత్‌నగర్ పెద్దమనిషి సీసా చూసి ముచ్చటపడ్డాడు. మూత తీయొద్దని మరీమరీ చెప్పి ఇచ్చాను. ఇచ్చి, హీరోను చూడ్డానికి మేడ మీదికి పరుగెత్తాను.

సాయంత్రానికి సీసా తళతళలాడుతోంది.

"నీళ్లు గలీజ్‌గ ఉన్నయమ్మా. పారవోసి నల్లాల మంజీర నీళ్లు నింపిన. జర సూడు, ఎంత మంచిగ కనవడ్తుందో" అన్నాడు. సొరపిల్ల కుళ్ళకుండా నాన్న పోసిన ఫార్మలిన్ ఘాటుకు పాపం ఆయన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నేను థ్యాంక్స్ కూడా చెప్పాను. సైన్సు చదవలేదన్న సాకు ఒకటి ఉంది, అది నాకే నచ్చదు.

మే ఆఖరున నాన్న వచ్చేసరికి నీళ్ళు కుడితిలా అయ్యాయి. చర్మం పేలికలై, రెక్కలు ఊడి అడుగున పడి ఉన్నాయి. ఆయన సీసా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండును. ఆ తిట్టు కోసం నేను ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను, తిట్టడానికి ఆయన లేకపోయినా.

సంగతి తెలిసి మద్రాసు పెద్దాయన రాలేదు. కనీసం ఆ రెండో రెక్క బొమ్మ అయినా ఉంటే పంపమని ఉత్తరం రాశారు.

సినిమా దసరాకు విడుదలైంది. సినిమాలంటే గిట్టని నాన్న నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని రోజూ మాట్నీకి వెళ్ళడం మొదలుపెట్టారు. వారానికే ఎత్తేస్తున్నారని తెలిసి, ఆఖరి ఆటకు నన్నూ తీసుకెళ్ళారు. నీవి చిన్నవయసు కళ్ళు, నీకు కనిపిస్తుందేమో చూడమన్నారు.

సీసా కనిపించేది ఒక్క డైలాగు సేపు. నీళ్ళు మార్చిన మొదటి రోజు కదా, సొరపిల్ల చెక్కుచెదరకుండా, బతికున్నంత అందంగా ఉంది. మొదటి రెక్క, దాని ముల్లు స్పష్టంగా కనిపించాయి. రెండోదానికి హీరో భుజం అడ్డం.

నాన్న ముందుకు వంగారు. పెన్సిలు కాగితం మీదే ఆగిపోయింది. క్లాసులో వెనక బెంచీ కుర్రాడితో మాట్లాడే గొంతుతో, తెర వైపు చూస్తూ మెల్లగా అన్నారు.

"కొంచెం పక్కకి జరుగు నాయనా."